డ్రైవర్ కూలిన ప్రతిసారీ

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో గుర్తుందా? కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో, బావ కంప్యూటర్ ముందు, సగం పోయిన పరువుతో. మధ్యాహ్నం రెండు దాటింది. నాలుగింటికి వీడియో కాల్. ఇప్పటికి రెండుసార్లు ఆ కాల్ మధ్యలోనే వైఫై చచ్చింది. మూడోసారి కూడా తెగితే ఇంక బేరమే లేదని కంపెనీ లాయరమ్మ మొహం మీదే చెప్పేసింది.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి అసలు సంగతి చెప్పేస్తాను. బావ అంటే మా అక్క మొగుడు. ఆ ల్యాబు ఆయనదీ, ఆయన అక్కదీ చెరిసగం. ఆవిణ్ణి నేను వదినా అంటాను. కట్టుడుపళ్ళకి మైనంలో నమూనా చెక్కడంలో ఆవిడది చెయ్యి తిరిగిన పనితనం. చిన్నప్పట్నించీ చెవుడు. దంతవైద్యశాలల కంపెనీ ఒకటి ఇప్పుడు ల్యాబు మొత్తం కొనేస్తోంది. మొత్తం అంటే వదిన సగంతో సహా. కొన్నాక అంతా మెషిన్ల పనే, వదినకి చోటుండదు. వదినతో మాత్రం ‘కంపెనీ మనకి పని ఇస్తుంది, నీ బల్ల నీకే ఉంటుంది’ అని చెప్పారు. వాటాదార్లిద్దరూ వీడియోలో లాయరు ముందు ఒప్పుకుంటే పని అయిపోతుంది. మా అక్క నోరు జారి నాకిదంతా చెప్పింది. నేనేం చేశాను? నోరు మూసుకున్నాను. నెల తిరిగితే సందు వెడల్పు చేసేవాళ్ళు నా రిపేరు కొట్టు కూలగొడతారు. కంపెనీ వాళ్ళ నలభై క్లినిక్కుల కంప్యూటర్లూ నాకే అప్పగించేలా చూస్తానని బావ మాటిచ్చాడు. తిట్టుకుంటారా, తిట్టుకోండి.

“ఏం మెకానిక్కువే నువ్వు?” అన్నాడు బావ, నా వెనక నిలబడి. “నీ చేతికి చీపురిచ్చినా ఇల్లు కూలేట్టుంది. లినక్సు లినక్సని నా నెత్తికి తెచ్చావు. లోకమంతా వాడేది వాడితే ఏం పోయింది?”

“లోకమంతా వాడేది ఈ డొక్కు కంప్యూటర్‌లో కదలదు బావా. కొత్తది కొనమన్నాను, కొన్నావా?”

“నోటికేం తక్కువ లేదు. చేతికే.”

ఒళ్ళు మండింది. మూడు నెలలుగా దీనికి నేను చెయ్యని వైద్యం లేదు మరి. కరెంటు ఆదా కోసం వైఫై కునుకు తీస్తోందేమోనని ఆ కునుకు మాన్పించాను. వైఫై చిప్పుకి, దాన్ని లోపల్నించి నడిపే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాను, అది నచ్చక మళ్ళీ పాతదే ఎక్కించాను. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని ఒక మెట్టు వెనక్కి దింపాను. బయటి నుంచి గుచ్చే వైఫై ముక్క తెస్తే, ఈ మొండి యంత్రం దాన్ని గుర్తే పట్టలేదు. వైరు లాగుదామంటే రౌటరు కింది వాటా వాళ్ళది, గోడకి చిల్లు పెట్టనివ్వరు. ఏం చేసినా ఒక పూట బుద్ధిగా ఉండేది. బావ కాల్‌లో కూర్చున్న పది నిమిషాలకి వైఫైని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం మళ్ళీ కూలేది.

లాగ్ అని ఒకటుంటుంది. కంప్యూటర్ నిమిష నిమిషానికీ తనకేం జరిగిందో తానే రాసుకునే చిట్టా. ఇన్నాళ్ళూ నేను అందులో వైఫై పేరున్న వరసలే ఏరుకుని చదివాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషిని, ఎంత సిగ్గుచేటు! ఇవాళ మాత్రం డ్రైవర్ కూలిన ఐదు రోజుల చిట్టాలూ పక్కపక్కన పరిచి, కూలడానికి ముందు పావుగంటలో ఏమేం జరిగిందో ఒక్క వరస వదలకుండా చదివాను.

మొదటి రోజు వైఫైకి సంబంధం లేని వరస ఒకటి ఉంది. రెండో రోజూ ఉంది. మూడో రోజూ ఉంది, నాలుగో రోజూ ఉంది. ఐదుకి ఐదు!

“దొరికింది బావా!” అని కుర్చీలోంచి లేచిపోయాను. “తప్పు వైఫైది కాదు! వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిప్పు మీద కూర్చున్నాయి, యాంటెనా ఒక్కటే. ఒకే కుళాయి దగ్గర రెండు కాపురాల్లాగన్నమాట. నువ్వు కాల్ మొదలుపెట్టగానే ఎవరిదో బ్లూటూత్ వచ్చి దీనికి తగులుకుంటోంది. రెండూ ఒకేసారి లాగేసరికి ఫర్మ్‌వేర్ తట్టుకోలేక పడిపోతోంది. ఆ తగులుకున్నదాని పేరు కూడా రాసుంది చూడు, చెవిమిషన్ అని!”

ఆ మాట నా నోట్లోంచి వచ్చేశాకే నేనేమన్నానో నాకు తెలిసింది. తప్పు దొరికితే చాలు, మా వృత్తిలోవాళ్ళకి ఒళ్ళు తెలియదు. ఎవరి ముందున్నాం, ఎవరికి చెబుతున్నాం అన్న ధ్యాసే ఉండదు. ఆ కొంపలో చెవిమిషన్ ఉన్నది ఒక్కరికే.

బావ నవ్వు సగంలో ఆగిపోయింది. “అంటే?”

“అంటే... ఏం లేదు. పొరపాటున తగులుకుని ఉంటుంది.”

“అంటే ఏమిటో చెప్పు.”

అబద్ధం ఆడదామనే సెట్టింగులు తెరిచాను. అక్కడ కూడా నాకు దారి లేదు. శబ్దం స్పీకర్లకీ చెవిమిషన్‌కీ రెండిటికీ ఒకేసారి వెళ్ళేలా ఎవరో పొందిగ్గా అమర్చి పెట్టారు. పొరపాటున తగులుకున్నది అలా ఉండదు. మూడు నెలల కిందటి తేదీ. బావ నా భుజం మీద నుంచి వంగి చదువుకున్నాడు. ఆయనకి కంప్యూటర్ రాదు గాని చదవడం వచ్చు.

“నేను మాట్లాడిందంతా విందా?”

“నీ మాటలు కాదు. నీ మాటలు మైకులోంచి అటు పోతాయి. అటువైపు వాళ్ళ మాటలే ఆవిడకి వినబడేది.”

కంపెనీ మేనేజరు ఏమేం వాగాడో బావ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు. నా లెక్క వేరు. అటువైపు వాళ్ళలో నేనూ ఉన్నాను. కొట్టులో కూర్చుని ఈ కంప్యూటర్‌కే వీడియో కాల్ చేసి ఎన్నిసార్లు బావకి రిపేర్లు చెప్పాను! రిపేర్ల మధ్యలో ఇంకా ఏమేం చెప్పాను?

“పరీక్ష చేద్దాం,” అన్నాడు బావ.

ఆఫీసుగదికీ పనిగదికీ మధ్య అద్దాల తలుపు. అవతల వదిన ఇటు వీపు పెట్టి, బల్ల మీదికి వంగి, మైనంలో కింది దవడ పన్ను ఒకటి చెక్కుతోంది. జుట్టు చెవుల మీదికి దిగి ఉంది. మిషన్ పెట్టుకుందో లేదో ఎటు నుంచీ తెలియదు. పెట్టుకుంటే మూడడుగుల దూరంలో మాట్లాడింది ఆవిడకి వినబడుతుంది. అంతకు మించితే అంతా రొద. చెక్కేటప్పుడు తీసి డబ్బాలో పెట్టేస్తుందని మా అందరి నమ్మకం.

బావ తలుపు తీసి వెళ్ళి సరిగ్గా ఆవిడ వెనక నిలబడ్డాడు.

“అక్కా, ఫర్నేసు అంటుకుంది.”

కత్తి ఆగలేదు. పల్చటి మైనం పొర ఒకటి రాలింది.

“ఆ రోజు నిన్ను చూడ్డానికి వచ్చినతను వాళ్ళంతట వాళ్ళు వద్దనలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళి, దీనికి చెవుడొక్కటే కాదు, మూర్ఛలు కూడా ఉన్నాయని చెప్పొచ్చాను. నువ్వు పోతే ఇక్కడ ఎవరు చేస్తారీ పని?”

మామూలు గొంతుతో, పేపరు చదివినట్టు చెప్పాడు. కత్తి మాత్రం పన్ను అంచు వెంట మెల్లగా తిరిగింది.

బావ ఇంకాస్త వంగాడు. “అమ్మ పోయేముందు నిన్నే అడిగింది. మూడుసార్లు. నువ్వు పక్కగదిలోనే ఉన్నావు. నేను నిన్ను లేపలేదు. పిలిస్తే వినబడుతుందా ఏమిటి నీకు?”

చెక్కడం ఆపకుండానే ఆవిడ ఎడంచేత్తో పక్కనున్న చిన్న బ్రష్షు అందుకుని పొడి దులుపుకుంది.

అప్పుడు నేను తెర వైపు చూశాను. డబ్బాలో పెడితే చెవిమిషన్ ఆరిపోతుంది, దాని పేరు పక్కన పచ్చచుక్క కూడా ఆరిపోతుంది. ఆ చుక్క వెలుగుతూనే ఉంది. మూడు మాటలు అన్నంతసేపూ వెలుగుతూనే ఉంది! ఆ మాటలు ఒక్కొక్కటీ ఆవిడ చెవిలో పడ్డాయి. ఓరి దేవుడా, ఏం మనిషమ్మా ఆవిడ! నా చెవిన అలాంటి మాట ఒక్కటి పడితే ఆ కత్తి ఎక్కడ దిగేదో.

బావ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. “చెవిటి మేళం. మిషన్ డబ్బాలో ఉంది. పని చేసేప్పుడు పెట్టుకోదులే.”

పచ్చచుక్క సంగతి నేను చెప్పలేదు. అది మంచితనం అనుకోకండి. చెబితే బావ ఆవిణ్ణి ఏం చేస్తాడో చూసే ధైర్యం లేక చెప్పలేదు.

“ఇంక నాలుగింటి కాల్‌లో ఆవిడకి ఒక్క ముక్క వినబడటానికి వీల్లేదు. అది పీకెయ్.”

పీకేశాను. ఒక్క నొక్కు. పేరు పోయింది, చుక్క పోయింది. తగులుకున్నది తెగితే ఆ మిషన్లు చెవిలో చిన్న కూత కూస్తాయి. అద్దం అవతల అంతసేపూ ఆగని కత్తి అప్పుడు ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు, తిరగలేదు. కాసేపు అలాగే ఉండి మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది.

కొట్టులో నా రెండో కంప్యూటర్‌కి కాల్ కలిపి నలభై నిమిషాలు వదిలేశాను. తెగలేదు. లాగ్‌లో ఒక్క తప్పు లేదు. మూడు నెలల తర్వాత నా పనితనం నిలబడింది, సంతోషించాలి కదా. నా తలకాయ సంతోషం.

నాలుగు కొట్టడానికి పావుగంట ముందు బావ చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు, అక్క ఇస్త్రీ చేస్తోంది. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆవిడతో మాట్లాడేటప్పుడు, మిషన్ ఉన్నా లేకపోయినా, మేమెవ్వరమూ గొంతు పెట్టం. పెదాలే కదుపుతాం. గొంతు పెంచితే నోరు వంకరపోతుందనీ, మాట అందదనీ ఆవిడే మా అందరికీ నేర్పింది. ఆవిడ మాత్రం పైకే మాట్లాడుతుంది, ఎత్తుపల్లాలు లేని గొంతుతో.

“తీసేశావా?”

తలూపాను.

“మంచిదే. వైఫై కూలినప్పుడల్లా నాకూ సగంలోనే తెగేది. విసుగొచ్చేది.”

‘వదినా, నేను...’ అని పెదాలు కదిపాను.

“నా బల్ల తీసేస్తే ఆ మూల పళ్ళు చేసే ప్రింటరు సరిగ్గా సరిపోతుందన్నావు. ఆర్నెల్లు పోతే ఈ చేతిపని చెత్తబుట్టలోకే అన్నావు. వాడు నవ్వాడేమో నాకు వినబడలేదు, నువ్వు నవ్వింది వినబడింది.” ఆవిడ మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది. “నేను కొలిచాను. సరిపోదు. రెండంగుళాలు తక్కువ.”

నేల చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. ఏడుపొచ్చింది కూడా. ఆవిడ నా ఏడుపు వైపు చూడలేదు.

“సరే, అయిందేదో అయింది. నాకూ ఓపిక లేదు,” అంది. “వాడు చెబితే నాకు అందదు, మీసం అడ్డం. కాల్‌లో ఆ లాయరు అడిగింది నాకు నువ్వు చెప్పు. నువ్వేం చెబితే దానికి తలూపుతాను.”

బావ వచ్చాక ఆ మాటే ఆయనకీ చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. నన్ను పక్కకి లాగి, “నలభై క్లినిక్కులు, గుర్తుందిగా,” అన్నాడు.

సరిగ్గా నాలుగింటికి లాయరమ్మ తెర మీదికి వచ్చింది. కళ్ళద్దాల ఆడమనిషి, మొహంలో నవ్వన్నది లేదు. మూలన ఎర్రచుక్క వెలుగుతోంది, అంతా రికార్డవుతోంది. బావ, అక్క, వదిన వరసగా కూర్చున్నారు. నేను వదినకి ఎదురుగా, కెమెరాకి ఓరగా కూర్చున్నాను. నేనెవరని లాయరమ్మ అడిగింది. కంప్యూటర్ బాగుచేసే మనిషిననీ, ఆవిడకి చెవుడు కాబట్టి అడిగింది పెదాలు కదిపి నేనే అందిస్తాననీ అన్నాను. “వాటాదారు కాదుగా, అయితే ఫర్వాలేదు. మీరే అడగండి,” అంది.

పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. కాగితాలు చదవడమే సరిపోయింది. వైఫై చెక్కు చెదరలేదు.

“ఇప్పుడు ఆవిణ్ణి అడగండి,” అంది లాయరమ్మ. “ఆవిడ వాటా కూడా కంపెనీ కొంటోంది. ఇక మీదట ఈ ల్యాబులో ఆవిడకి హక్కూ ఉండదు, పనీ ఉండదు. ఇది ఆవిడకి తెలుసా, ఇష్టమేనా అని అడగండి.”

బల్ల కింద బావ చెప్పు నా కాలి మీద పడింది.

నేను వదిన వైపు తిరిగాను. ఎలాగూ ఆవిడకి అంతా తెలుసు, అనుకున్నాను. ఎలాగూ తలూపుతానంది. తెలిసినదాన్నే మళ్ళీ మొహం మీద చెప్పి ఏడిపించడం ఎందుకు? ఇలా నాకు నేను చెప్పుకున్నాను, మీకు అబద్ధమెందుకు చెప్పాలి. నిజానికి బావకి భయపడ్డాను, నా కొట్టుకి భయపడ్డాను. గొంతు పెట్టకుండా, ఒక్కో మాటా పెదాల మీద పెట్టి అడిగాను.

‘కంపెనీ మనకి పని ఇస్తుంది. నీ బల్ల నీకే ఉంటుంది. సరేనా వదినా?’

వదిన నా పెదాల మీంచి చూపు తిప్పకుండా చివరిదాకా చదివింది. తలూపింది.

బావ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. “ఒప్పుకుంది మేడమ్,” అన్నాడు.

“రాసుకున్నాను,” అంది లాయరమ్మ.

“నేను దేనికి తలూపానో అది కూడా రాసుకోండి,” అంది వదిన.

కెమెరా వైపు తిరిగి, ఆ ఎత్తుపల్లాలు లేని గొంతుతో, పెద్దగా, విడివిడిగా చెప్పింది. “కంపెనీ మాకు పని ఇస్తుందని చెప్పింది ఈ అమ్మాయి. నా బల్ల నాకే ఉంటుందని చెప్పింది. సరేనా అంది. దానికే తలూపాను. మీరు అడిగింది ఇదేనా?”

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. “తెంపు,” అన్నాడు పళ్ళ సందుల్లోంచి. “వైఫై తెంపెయ్యవే!”

తెరలో నా రెండు చేతులూ కనబడుతున్నాయి, ఎలా తెంపను? అది తనంతట తానే తెగాలని ఆ క్షణాన నేను మొక్కని దేవుడు లేడు. ఐదుసార్లు కూలినదానికి ఆరోసారి కూలడానికి ఏం రోగం! కూలలేదు. అంత గట్టిగా బాగుచేశాను మరి.

లాయరమ్మ కలం కింద పెట్టింది. కళ్ళద్దాలు సర్దుకుని, ఈసారి నన్నే చూసింది. “నేను అడగమన్నది ఒకటి, మీరు అడిగింది ఒకటి. ఇది మోసం కిందికి వస్తుందని మీకు తెలుసా? ఆవిడకి అలా చెప్పమని మీతో ఎవరన్నారు?”

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. “మాకేం తెలీదు మేడమ్! ఈవిడకీ మాకూ ఏ సంబంధమూ లేదు. ఏదో మెషిన్ బాగుచేయడానికి పిలిచాం, అంతే.”

లాయరమ్మ మా అక్క వైపు తిరిగింది. “ఏమండీ, నిజమేనా? ఈవిడ మీకేమీ కారా?”

పదకొండేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం మేమిద్దరం. అక్క ఒళ్ళో ఉన్న చేతులు చూసుకుంది. నా వైపు ఒక్కసారైనా చూడలేదు.

“ఏమీ కాదండీ,” అంది.

“సరే. అయితే మీ ఇద్దరూ బయటికి వెళ్ళండి,” అంది లాయరమ్మ. “ఆ పెద్దావిడ అక్కడే ఉండాలి. మెకానిక్ గారూ, మీరు వీళ్ళకేమీ కారంటున్నారు కాబట్టి మీ మాట సాక్ష్యంగా పనికొస్తుంది. కాల్ ఇంకా రికార్డవుతోంది. ఇప్పుడు చెప్పండి. ఎవరు చెప్పమన్నారు?”